మెట్ల కింది సామాను

"మక్, మెట్ల కింద నా సామాను ఏది?"

ఫైరుజ్ ఆ మాట అడగడం అది మూడోసారి. మెట్ల కింది అర తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బియ్యం డ్రమ్ము, రెక్క విరిగిన ఫ్యాను, పండక్కి మాత్రమే తీసే పెద్ద గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ మూల పడి ఉన్న కారు సామాను ఒక్కటే లేదు. కారు కొన్నప్పుడు కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చిన సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు డబ్బా, నాలుగు స్ప్రింగులు. వాటిని పీకించి కొత్తవి తగిలించుకున్న రోజున పాత పేపర్లలో చుట్టి, తాడు కట్టి, తానే అక్కడ పెట్టాడు.

గురువారం పదకొండింటికి కారు తనిఖీ. ఇవాళ మంగళవారం.

"ఏ సామాను?" అంది అతని తల్లి కల్సోమ్, చేప ముక్కలకి పసుపు రాస్తూ.

"నా కారువి మక్! పేపర్లో చుట్టినవి!"

పొయ్యి దగ్గరున్న సుహైలా ఇటు తిరిగింది. "అబాంగ్, అవి..." అని మొగుడితో ఏదో చెప్పబోయింది.

"నేనిచ్చేశాను," అంది కల్సోమ్, కోడలి మాటకి అడ్డం వచ్చి. "పోయిన సోమవారం పాత ఇనుము లారీ వచ్చింది. ఇచ్చేశాను."

ఫైరుజ్ తల్లి వైపు తిరిగాడు.

"నన్నడక్కుండా ఎలా ఇచ్చేశావ్?"

"నాలుగేళ్లు నా మెట్ల కింద పెట్టావు. నన్నడిగి పెట్టావా?"

"అవి ఒరిజినల్ మక్! కంపెనీవి!"

"అంత మంచివైతే ఎందుకు పీకించావు?"

"వాటికంటే మంచివి వేయించాను గనక!"

"మంచివి వేయించుకున్నవాడివి, ఆ పనికిరానివాటి కోసం ఈ ఏడుపేంట్రా మరి?"

మలేషియాలోని ఈ తైపింగ్ ఊళ్లో కార్లు మార్పించుకున్న ఏ మగాడి దగ్గరా ఈ ప్రశ్నకి జవాబు లేదు. మీ దగ్గరుంటే నాకూ చెప్పండి. మా ఇంట్లో మంచం కింద కూడా ఒక సైలెన్సరుంది. చీపురు తగిలినప్పుడల్లా ఖణేల్‌మంటుంది, మా ఆయన 'జాగ్రత్త, జాగ్రత్త' అని పక్క గదిలోంచి అరుస్తాడు. చంటిపిల్లలప్పుడు కూడా ఆయన అంత కంగారు పడలేదు.

"తనిఖీలో ఈ సామానుతో పాస్ చెయ్యరు మక్," అన్నాడు ఫైరుజ్ గొంతు తగ్గించి. "శబ్దం ఎక్కువంటారు. నేలకి మరీ తగులుతోందంటారు. పాసైతేనే యాప్ టాక్సీకి పర్మిట్. ఎల్లుండి పోతే మళ్లీ తారీఖు వచ్చే నెల్లోనే దొరుకుతుంది."

"వచ్చే నెల వెళ్లు."

"వచ్చే నెలకి సుహైలా ఎక్కడుంటుంది?"



ఫైరుజ్ పనిచేసే గ్లౌజుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇదే. శనివారంలోగా ఫైరుజ్‌కి పర్మిట్ చేతికొస్తే సుహైలా ఆగిపోతుంది. రాకపోతే శనివారం పొద్దున బస్సెక్కి సింగపూర్ వెళుతుంది. అక్కడ ఓ పెద్ద హోటల్లో కేకులు చేసే వంటింట్లో పని, రెండేళ్లు. ఐదేళ్ల అయ్‌రా నానమ్మ దగ్గర ఉంటుంది. పని కుదిర్చిన కక్ జీ టికెట్టు కూడా తెచ్చి గోడకున్న క్యాలెండరుకి గుచ్చి వెళ్లింది.

"నా పెళ్లాం పరాయి దేశం పోయి ఎవరి వంటింట్లోనో పిండి కలపాల్సిన ఖర్మ నేను పట్టనివ్వను," అన్నాడు ఫైరుజ్. "సు, నువ్వేం బెంగపడకు. ఎలాగోలా ఏదో ఒకటి చేస్తాను."

సుహైలా తల ఊపింది. తోమి బోర్లించిన మూకుడు తీసి మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

కల్సోమ్ కోడలి వైపు ఒకసారి చూసి చేప ముక్కల మీద ఉప్పు చల్లింది. ఇందాక ఒకసారి చల్లింది. ఆ పూట పులుసు ఎవరూ నోట పెట్టలేకపోయారు.

*

బుధవారం పొద్దున అయ్‌రాని బడి దగ్గర దింపి మొగుడూ పెళ్లాలిద్దరూ చైనీయ మెకానిక్ ఆ హెంగ్ షెడ్డుకి వెళ్లారు. ఆ హెంగ్ అన్నది ఆయన పేరు, అందరూ తౌకే, అంటే షావుకారు అని పిలుస్తారు. ఫైరుజ్ కారు ఇవాళ ఇలా ఉందంటే దానికి కారణం ఆ హెంగే. కారుకి వేసిన ప్రతి సామానూ ఆయన చేత్తో బిగించిందే.

"మెట్ల కిందవి పోయాయా?" ఆ హెంగ్ బనీను ఎత్తి మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఈ ఏడు నువ్వు నాలుగోవాడివి బాస్. ఒకతనికైతే మామగారు సైలెన్సరుని కోళ్ల గూటికి గుంజగా పాతేశాడు. ఇవ్వమంటే, ముందు కోళ్లని అడగమన్నాడట."

"నవ్వకు బాస్. రేపే తనిఖీ."

"రేపా? అయ్యో!" ఆ హెంగ్ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "సెట్టు ఇవాళ బడి పంతులు చిక్గు రోస్లాన్ కారుకుంది. ఆయన తనిఖీ పదింటికి. పాసైతే పన్నెండుకల్లా ఇక్కడుంటాడు."

"సెట్టేంటి తౌకే?" అడిగింది సుహైలా.

"ఈ రకం కార్లకి నేను సామాను మార్చినవి ఊళ్లో పదకొండున్నాయమ్మా. అందరూ పాతవి ఎక్కడో దాస్తారు, ఇంట్లోవాళ్లు ఎప్పుడో పారేస్తారు. అందుకని గుద్దుకుపోయిన కారు ఒకటి దొరికితే దాని కంపెనీ సామానంతా తీసి అట్టేపెట్టాను. తనిఖీ వచ్చినవాడు వేసుకుని వెళ్తాడు, పాసవుతాడు, తెచ్చిచ్చేస్తాడు. పొరపాటున మాయం చెయ్యకుండా సైలెన్సరు మీద తెల్ల రంగుతో గుర్తు కూడా పెట్టాను."

"పదకొండు కార్లకీ కలిపి ఒక్క సైలెన్సరా?"

"ఒక్కటే. ఈ ఊళ్లో దానన్నిసార్లు పరీక్ష పాసైనవాడు ఇంకెవడూ లేడు."

సుహైలాకి నవ్వొచ్చింది. చాలా రోజులకి పెళ్లాం నవ్వడం చూసి ఫైరుజ్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే చొక్కా విప్పి పక్కన పెట్టి, కారుని జాకీ మీద లేపి కిందికి దూరాడు. ఉన్న సైలెన్సరు బోల్టులు వదులు చేస్తే సెట్టు వచ్చేసరికి సగం పని అయిపోతుంది.

సుహైలా స్టూలు మీద కూర్చుంది. షెడ్డు పక్కన చెట్టు కింద ఆ హెంగ్ సొంత కారుంది. పాతికేళ్ల నాటిది, రంగు వెలిసిపోయింది, తలుపు మీద గీతలు.

"మీ కారుకి ఏమేం వేయించారు తౌకే?"

"నా కారుకా? ఏమీ వెయ్యలేదు."

"అదేంటి?"

"పొద్దున్నే షట్టరు తియ్యడానికి టైముకి రావాలి కదమ్మా," అన్నాడు ఆ హెంగ్, అందులో వింతేముందన్నట్టు.

"నిజం చెప్పండి. ఇవన్నీ తగిలిస్తే కారుకి బలం పెరుగుతుందా?"

కారు కింద స్పానరు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ హెంగ్ టీ గ్లాసు కింద పెట్టాడు. సామాను అమ్మేవాడే అయినా అడిగితే అబద్ధం చెప్పే మనిషి కాదు. "మంచి టైర్లు వేయించావనుకో, పనికొస్తాయి. మంచి బ్రేకులు వేయించావనుకో, అవీ పనికొస్తాయి. కానీ వాటికోసం ఎవడూ రాడు, అవి బయటికి కనపడవు గదా. ఇక ఈ ఎర్ర ఫిల్టరుంది చూడు, ఇంజను పక్కనే తెరుచుకుని కూర్చుంటుంది. ఇంజను వేడి గాలంతా అదే పీలుస్తుంది. వేడి గాలి పీలిస్తే కారు డీలా పడుతుంది. లావు సైలెన్సరు వేస్తే శబ్దం మారుతుంది. శబ్దం మారితే మనిషికి వేగంగా పోతున్నట్టు ఉంటుంది. స్ప్రింగులు పొట్టివి వేస్తే చూడ్డానికి బాగుంటుంది, నడుం పోతుంది. ఇవన్నీ అప్పుడే మీ ఆయనకి చెప్పాను. ఇంజనుకి ఎన్ని గుర్రాల బలముందో కొలిచే రోలర్ల మెషిను ఎక్కించి కాగితం కూడా తీసిచ్చానే! బాగా తొక్కితే పైన నాలుగు గుర్రాలు పెరిగాయి, మామూలుగా నడిపే దగ్గర ఆరు తగ్గాయి. నీకు చూపించలేదా?"

స్పానరు చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"లేదు," అంది సుహైలా. "పన్నెండు పెరిగాయని చెప్పారు."

ఆ హెంగ్ కారు కిందినుంచి బయటికి కనిపిస్తున్న ఫైరుజ్ పాదాలని చూశాడు. పాదాలు కదల్లేదు. ఆయన గ్లాసు తీసుకుని, ఫోను రాకపోయినా ఫోనొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయాడు.

*

పన్నెండున్నరకి చిక్గు రోస్లాన్ వచ్చాడు. పాసయ్యాడట. సెట్టు విప్పి ఫైరుజ్ కారుకి బిగించేసరికి నాలుగు దాటింది. "రేపు సాయంత్రం ఐదుకల్లా తెచ్చెయ్యాలి బాస్, ఇంకొకతను కాచుకుని ఉన్నాడు," అని ఆ హెంగ్ మరీ మరీ చెప్పాడు.

నాలుగేళ్లుగా ఆ కారులో మాట్లాడుకోవాలంటే అరవాలి. ఇవాళ అరవక్కర్లేదు. ఫైరుజ్‌కి అదే ఇబ్బందిగా ఉంది. ఆసుపత్రి ఎత్తు మీద అలవాటుగా చెయ్యి గేరు మీదికి పోయింది. ఇదివరకైతే అక్కడ రెండో గేరుకి దించితే గానీ ఎక్కేది కాదు. ఇవాళ మూడో గేరులోనే, ఎవరో వెనకనుంచి తోసినట్టు ఎక్కేసింది. ఆ సంగతి సుహైలా గమనించలేదనుకున్నాడు.

"ఇప్పుడు బాగా ఎక్కుతోంది," అంది సుహైలా.

ఫైరుజ్ గేరు మీంచి చెయ్యి తీశాడు.

"కాగితం ఎక్కడుంది?"

"సీటు కింద."

"నాలుగేళ్లుగానా?"

"చించేద్దామనుకున్నాను. చేతులు రాలేదు."

"పెళ్లిళ్లలో, విందుల్లో, మా తమ్ముడి ముందు, అందరి ముందూ పన్నెండు పన్నెండని చెప్పావు కదా అబాంగ్. అయ్‌రాకి కూడా నేర్పించావు. మా నాన్న కారుకి పన్నెండు గుర్రాలని అది బడిలో చెప్పుకొచ్చింది."

ఫైరుజ్ చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డు పక్కగా ఆపాడు. వాన సన్నగా మొదలైంది. అద్దం తుడిచేవాటిని వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.

"నాకది నచ్చింది సు, అంతే," అన్నాడు. "రోజుకి పన్నెండు గంటలు ఆ ఫ్యాక్టరీలో నిలబడి గ్లౌజులు ఊదీ ఊదీ చూసేవాణ్ని, చిల్లులున్నాయేమోనని. బయటికొచ్చి కారు స్టార్ట్ చేస్తే ఆ శబ్దం ఒక్కటే నాదనిపించేది. ఎక్కడికీ పోకపోయినా సరే, కాసేపు అలా స్టార్ట్ చేసి కూర్చునేవాణ్ని."

"ఆ మాటే చెప్పొచ్చుగా."

"నచ్చింది అంటే ఎవరొప్పుకుంటారు? మక్ ఒప్పుకుంటుందా? నువ్వు ఒప్పుకునేదానివా? ఇంటికి దీనివల్ల ఏమిటి లాభం అంటారు. అందుకని పన్నెండు పెరిగాయన్నాను. లాభం చెబితే ఎవరూ ఏమీ అనరు."

సుహైలా అతని మొహంలోకి చూసింది. తిడుతుందేమోనని అతను కాచుకున్నాడు. తిట్టలేదు. అంత శ్రద్ధగా తన మాట ఆమె ఎప్పుడూ వినలేదనిపించింది అతనికి.

"ఒట్టు, ఇంకేమీ దాచలేదు," అన్నాడు.

"సరే," అంది ఆమె. ఆమె ఇంకా ఏదో అనబోతున్నట్టు పెదవులు కదిలాయి గానీ, అయ్‌రా బడి వదిలే వేళయిందని గుర్తొచ్చి కారు పోనిమ్మంది.

*

గురువారం తనిఖీ చేసే కుర్రాడు గోతిలోకి దిగి టార్చి వేసి చూశాడు. సైలెన్సరు మీద తెల్ల రంగు గుర్తు దగ్గర వెలుగు కాసేపు ఆగింది. ఫైరుజ్ గోతి అంచుకి వంగాడు. నిన్న చిక్గు రోస్లాన్ కారు చూసింది కూడా ఇతనేనేమో! కుర్రాడు పైకొచ్చి, కాగితం మీద వరసగా టిక్కులు పెట్టి, "కంపెనీ సామానే ఉంచారు, మంచిపని చేశారు. ఈ రోజుల్లో అందరూ పీకేసుకుంటున్నారు," అన్నాడు. ఫైరుజ్ ఎటు చూడాలో తెలియక నేలకేసి చూశాడు.

ఒంటిగంటకి ఇంటి ముందు కారాగింది. ఎంత మెల్లగా ఆగిందంటే లోపలున్న ఇద్దరాడవాళ్లకీ వినబడలేదు.

"సు! అల్‌హమ్దులిల్లా! పాస్!" పాస్ కాగితం తలపైన ఊపుతూ వంటింట్లోకి వచ్చాడు. "రేపు ఈ కాగితం చూపిస్తే పర్మిట్ చేతికిస్తారు. ఎల్లుండి నుంచి బండి రోడ్డు మీదే! ఆ బస్సు టికెట్టు చింపెయ్!"

సుహైలా బల్ల దగ్గర నిలబడి పాండాన్ కేకు కోస్తోంది. వెనకింటివాళ్లు తమ అమ్మాయి నిశ్చితార్థానికి అడిగిందది. నిన్న రాత్రి నుంచీ పాండాన్ ఆకు రసం తీసి, మూడు పొరలు పోసింది. కత్తి ఆపలేదు. "మంచిది అబాంగ్," అంది.

"మంచిదా? అంతేనా? కాళ్లూ చేతులూ ఆడక రెండు రాత్రులు నిద్రపోలేదు నేను!"

"మంచిదే అంటున్నాగా."

"ముందు ఆ పై అరలో పళ్లెం తియ్యరా," అంది కల్సోమ్ మధ్యలో. "కేకు పెట్టాలి. నా చెయ్యి లేవడం లేదు."

ఫైరుజ్ నవ్వుకుంటూ చెయ్యి చాచి పళ్లెం దించాడు. తల్లి కుడి భుజం పట్టేసి అప్పటికి నాలుగు నెలలు. తీగ మీద బట్టలు కూడా ఆరెయ్యలేదు, కోడలే ఆరేస్తుంది. ఎడం చేత్తో చేపలు తోముకోవడం నేర్చుకుంది.

పళ్లెం అతని చేతిలోనే ఉండిపోయింది.

"మక్," అన్నాడు. "పోయిన సోమవారం సైలెన్సరు బయటికి ఎవరు మోశారు?"

"లారీవాడు."

"లారీవాడు లోపలికి రాడు. గేటు దగ్గరే ఆగి మైకులో అరుస్తాడు. స్ప్రింగులు ఎవరు మోశారు? నాలుగూ ఎత్తడానికి నాకే రెండు చేతులు కావాలి."

"పళ్లెం అక్కడ పెట్టు ముందు."

"మక్!"

"మక్‌ని అడక్కు," అంది సుహైలా. కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నేను మోశాను. రెండుసార్లు తిరిగి నేనే మోసిచ్చాను. మంగళవారం చెప్పబోయాను, మక్ అడ్డుపడ్డారు. ఆవిడెందుకు మీదేసుకున్నారో నాకు తెలీదు."

"పొద్దున్నే ఇంట్లో గొడవెందుకని," అంది కల్సోమ్ గోడకేసి చూస్తూ.

ఫైరుజ్ కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వా? అంతకు ముందు రోజు, ఆదివారం, అన్నం దగ్గర నీకు చెప్పాను కదా, యాప్ టాక్సీకి పెడతాను, తనిఖీకి ఆ సామాను కావాలి అని. మర్నాడే ఇచ్చేశావా? తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను."

"ఎందుకు?"

"కారు పాసైతే నేను ఆగిపోవాలి గనక."

వెనకింట్లో ఎవరో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కల్సోమ్ అన్నం గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టింది.

"ఏడ్చావు కదా సు," అన్నాడు ఫైరుజ్. అతని గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. "కక్ జీ టికెట్టు తెచ్చిన రోజు ఎంత ఏడ్చావు! ఇంటి కోసం తప్పక వెళుతున్నానన్నావు. నేను ఎవరికీ మొహం చూపించలేకపోయాను."

"అయ్‌రా కోసం ఏడ్చాను. అది అబద్ధం కాదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "కానీ నాకు వెళ్లాలనుంది అబాంగ్. ఆ వంటింటి ఫోటోలు కక్ జీ చూపించింది. మనిషంత ఎత్తు ఓవెన్లు. ఇన్నేళ్లూ నేను చేసినదాన్ని చుట్టాలూ పక్కింటివాళ్లూ బాగుందన్నారు. నిజంగా బాగుంటుందో లేదో తెలిసినవాళ్లు తిని చెబితే వినాలనుంది. దానివల్ల ఏమొస్తుందో నాకు తెలీదు. ఏమీ రాకపోవచ్చు."

"మరి ఆ మాటే నాతో..."

"నచ్చింది అంటే ఎవరొప్పుకుంటారు? నిన్న కారులో నువ్వేగా అన్నావు."

ఫైరుజ్ చేతిలో పాస్ కాగితం నలిగిపోయింది. బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. ఒక మూల మాత్రం మడత పోవడం లేదు. దాన్నే రాస్తూ కూర్చున్నాడు.

"నీ కోసమే కదా ఇదంతా చేశాను," అన్నాడు.

"నన్నడిగి చేశావా?" అంది సుహైలా. పోట్లాట కోసం అనలేదు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

ఫైరుజ్ జేబులో ఫోను మోగింది. ఆ హెంగ్. సెట్టు కోసం తరవాతివాడు అప్పుడే వచ్చి కూర్చున్నాడేమో. మోగి మోగి ఆగిపోయింది, మళ్లీ మోగింది. ఫైరుజ్ తియ్యలేదు. క్యాలెండరు మీద గుచ్చిన టికెట్టు వైపు చూశాడు. సుహైలా కూడా అటే చూసింది. దాన్ని చింపడానికి ఆమె వెళ్లలేదు. చింపమని అతను మళ్లీ అనలేదు.

కల్సోమ్ గరిటె పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసింది.

"అన్నం పెట్టనా," అంది, "ఇంకా ఆగనా?"